సింగరాజాలో ఇల్లు చూసుకుంటున్న బెంగళూరు తెలుగువాళ్ళకి: ముందు అద్దె, తర్వాతే లీజు

2024 మార్చిలో ఇండిగో వాళ్ళు బెంగళూరు నుంచి డెన్‌పసార్‌కి డైరెక్ట్ ఫ్లైట్ వేశాక మన మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ సైడ్ బాలిలో ప్రాపర్టీ అనే మాట తెగ వినిపిస్తోంది. సౌత్ బాలి రేట్లు వినగానే జనం వెనక్కి తగ్గుతారు కదా, అప్పుడు ఏజెంట్లు చూపించేది నార్త్ సైడ్. బులెలెంగ్ జిల్లా, దాని హెడ్‌క్వార్టర్స్ సింగరాజా, పక్కనే లోవినా బీచ్. డచ్చోళ్ళ కాలంలో బాలికి రాజధాని ఈ ఊరే, ఇప్పుడు మాత్రం ఒక యూనివర్సిటీ, ఒక పెద్ద మార్కెట్, గవర్నమెంట్ ఆఫీసులు ఉన్న మామూలు జిల్లా టౌన్. తెల్ల ఇసుక, బీచ్ క్లబ్బులు ఊహించుకుని వెళ్తే నిరాశే, ఇక్కడ ఇసుక నల్లగా ఉంటుంది, రాత్రి తొందరగా ఊరు సద్దుమణుగుతుంది. నాకైతే అదే నచ్చింది కానీ అందరికీ నచ్చాలని లేదు.

ఫస్ట్ చెప్పాల్సింది ఎయిర్‌పోర్ట్ గురించి. కుబుతంబహాన్ దగ్గర నార్త్ బాలి ఎయిర్‌పోర్ట్ వస్తుందని ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నారు, ప్రతి ఏజెంటూ మ్యాప్ తీసి దాని మీద వేలు పెడతాడు. దేవనహళ్ళి వైపు సైట్లు కొన్నవాళ్ళకి ఈ సీన్ కొత్త కాదు, కాకపోతే అక్కడ ఎయిర్‌పోర్ట్ నిజంగా వచ్చింది. కుబుతంబహాన్‌లో విమానం దిగినప్పుడు చూద్దాం, ఈ రోజు మీరిచ్చే రేటులో మాత్రం ఆ ఎయిర్‌పోర్ట్‌కి ఒక్క రూపాయి కూడా వేయకండి. ప్రస్తుతానికి డెన్‌పసార్‌లో దిగి బెడుగుల్ కొండ ఎక్కి దిగాలి, ట్రాఫిక్‌ని బట్టి రెండున్నర మూడు గంటలు. మీ విల్లాకి వచ్చే గెస్ట్ కూడా అదే రోడ్డు మీద రావాలి, ఈ ముక్క రెంటల్ ఇన్‌కమ్ ఎక్సెల్ షీట్‌లో ఎవరూ రాయరు.

ఇక అసలు విషయం. ఇండోనేషియాలో భూమి మీద పూర్తి సొంతం అంటే హక్ మిలిక్, అది ఇండోనేషియా పౌరులకి మాత్రమే, 1960 నాటి భూమి చట్టం ఐదో నంబరు ఆ సంగతి సూటిగా చెప్తుంది. ఏజెంటు ఏమంటాడంటే, సార్ మా డ్రైవర్ పేరు మీదో నా భార్య పేరు మీదో రిజిస్టర్ చేయిద్దాం, పక్కన ఒక అగ్రిమెంట్ రాసుకుందాం, అందరూ ఇలాగే చేస్తారు అంటాడు. అందరూ చేస్తారన్నది కొంతవరకు నిజమే, అయినా చేయకండి. అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. మన దగ్గర బినామీ కేసుల్లో ఏళ్ళ తరబడి కోర్టుకైనా తిరుగుతాం, ఇక్కడ ఆ సరదా కూడా లేదు.

మరి మనకి మిగిలేవి మూడు దారులు. హక్ పకాయ్ అంటే వాడుకునే హక్కు, దానికి అక్కడ ఉండటానికి సరైన వీసా కావాలి, ప్రభుత్వ భూమి మీదైతే 30, తర్వాత 20, తర్వాత ఇంకో 30 ఏళ్ళు. కానీ బాలిలో ఫారినర్ కొనే ఇండిపెండెంట్ ఇంటికి కనీస ధర 500 కోట్ల రూపియా అని పెట్టారు, 2025 చివరి లెక్కలో రూపాయికి 185-190 రూపియా వేసుకున్నా రెండున్నర కోట్ల పైమాటే. రెండోది పీటీ పీఎమ్ఏ, అంటే ఫారిన్ కంపెనీ పెట్టి దాని పేరు మీద బిల్డింగ్ హక్కు తీసుకోవడం, దీనికి స్థలం, బిల్డింగ్ కాకుండానే 1,000 కోట్ల రూపియా పైన ఇన్వెస్ట్‌మెంట్ ప్లాన్ చూపించాలి, మన డబ్బుల్లో ఐదు కోట్ల పైనే. ఉద్యోగం చేసుకునే మనలాంటోళ్ళకి చివరికి మిగిలేది మూడోదే, హక్ సెవా, మామూలు లీజు. 25 ఏళ్ళో 30 ఏళ్ళో.

లీజు అంటే మీరు కొనేది సంవత్సరాలు, మట్టి కాదు. ఈ తేడా బుర్రకెక్కకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. అక్కడ రేటు 'ఆరె'కి, సంవత్సరానికి ఇంత అని చెప్తారు. ఒక ఆరె అంటే 100 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర 120 గజాలు, అంటే మన బెంగళూరు 30-40 సైటు కన్నా కొంచెం తక్కువ. ఉదాహరణకి ఆరెకి ఏడాదికి కోటి రూపియా అన్నాడనుకోండి, మూడు ఆరెలు, 25 ఏళ్ళు అంటే 75 కోట్ల రూపియా, మన డబ్బుల్లో 40 లక్షల దాకా, అదీ మొత్తం ముందే కట్టాలి. పదేళ్ళు ఉండి అమ్ముదామంటే మీ చేతిలో ఉండేది 15 ఏళ్ళ లీజు, కొనేవాడు 15 ఏళ్ళకే డబ్బులిస్తాడు. చుట్టుపక్కల రేటు పెరిగితే లాభమే, పెరగకపోతే ప్రతి ఏడాదీ మీ ఆస్తి కరుగుతూనే ఉంటుంది. హోస్కోటేలో సైటు కొని పదేళ్ళు మర్చిపోయినట్టు దీన్ని మర్చిపోవడానికి లేదు.

లీజు పేపర్లలో ఏం రాయించుకోవాలంటే, ఎక్స్‌టెన్షన్‌కి రేటు ఎలా లెక్కపెడతారో ఇప్పుడే రాయాలి, "అప్పటి మార్కెట్ రేటు" అని వదిలేస్తే అప్పుడు ఓనరు చెప్పిందే రేటు. మిగిలిన ఏళ్ళని వేరేవాళ్ళకి బదిలీ చేసే హక్కు, సబ్‌లీజు హక్కు స్పష్టంగా ఉండాలి. ఓనరు చనిపోతే వారసులు ఒప్పుకోవాలి కాబట్టి భార్యాపిల్లల సంతకాలు ఇప్పుడే తీసుకోవడం మంచిది. లీజు అయిపోయాక బిల్డింగ్ ఎవరిది? రాయకపోతే గొడవే. అద్దె మీద 10 శాతం ఫైనల్ ట్యాక్స్ ఉంటుంది, అది ఎవరు కడతారో కూడా రాయండి. దారి సంగతి మర్చిపోవద్దు, మెయిన్ రోడ్డు నుంచి స్థలం దాకా ఉన్న దారి వేరేవాళ్ళ పొలంలోంచి వెళ్తుంటే ఆ పొలం ఓనరు కూడా రాసివ్వాలి.

డాక్యుమెంట్ చెకింగ్ మన ఈసీ, ఖాతా, లింకు డాక్యుమెంట్ల లాగే, పేర్లే వేరు. భూమి వ్యవహారాల నోటరీని పీపీఏటీ అంటారు, ఆయన ద్వారా బీపీఎన్, అంటే ల్యాండ్ ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్ చెక్ చేయించాలి, తాకట్టు ఉంటే అక్కడ బయటపడుతుంది. నోటరీని మీరే పెట్టుకోండి, ఏజెంటు తెచ్చిన నోటరీ వద్దు. గిరిక్ అని పాత కాగితం చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి, అది పన్ను కట్టినట్టు రుజువే కానీ హక్కు పత్రం కాదు, 2021లో వచ్చిన రూల్ ప్రకారం 2026 ఫిబ్రవరి తర్వాత దాన్ని హక్కుకి సాక్ష్యంగా కూడా తీసుకోరు. ఊరి ఉమ్మడి భూములు, గుడి భూములు బాలిలో చాలా ఉంటాయి, అవి దేశ అదాత్ అనే సంప్రదాయ గ్రామసభ చేతిలో ఉంటాయి, వాటి జోలికి పోకూడదు.

బీచ్ ఫ్రంట్ మోజు ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. సముద్రం బాగా పోటెక్కినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడి నుంచి కనీసం 100 మీటర్లు తీరం బఫర్, అందులో కట్టడాలకి గట్టి ఆంక్షలు. 2025 జులైలో సౌత్ బాలిలో బింగిన్ బీచ్ దగ్గర ఏళ్ళ తరబడి నడుస్తున్న హోమ్‌స్టేలు, రెస్టారెంట్లు పడగొట్టేశారు, ప్రభుత్వ భూమిలో ఉన్నాయని. అందుకే జోనింగ్ చూడకుండా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు, వరి పొలం జోన్‌లో ఉన్న స్థలం ఎంత చవకైనా ఇల్లు కట్టలేరు. కట్టడానికి పీబీజీ అనే పర్మిషన్, కట్టాక ఎస్ఎల్ఎఫ్ అనే సర్టిఫికెట్ కావాలి. ఎత్తు 15 మీటర్లు దాటకూడదు. ఇది భూకంపాల బెల్టు, 1976లో సెరిరిత్ భూకంపం బులెలెంగ్‌ని కుదిపేసింది, కాబట్టి పిల్లర్ల దగ్గర స్టీలు తగ్గించి టైల్స్ మీద ఖర్చుపెట్టే మన అలవాటు అక్కడ పనికిరాదు.

మన వైపు రూల్స్ ఇంకో తలనొప్పి. డబ్బు ఎల్ఆర్ఎస్, అంటే బయటి దేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ స్కీమ్ కింద పంపాలి, ఒక మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల లిమిట్. 10 లక్షలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను కట్ చేస్తుంది, అది రిటర్న్స్‌లో అడ్జస్ట్ అవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే, బడ్జెట్‌లో పక్కన పెట్టుకోండి. ఇలా పంపడానికి బ్యాంకు లోన్ ఇవ్వకూడదు. ఐదేళ్ళు దాటని లీజుకి ఫెమా, అంటే మన విదేశీ మారక చట్టం ప్రాపర్టీ రూల్స్ వర్తించవు, 25 ఏళ్ళ లీజుకి వర్తిస్తాయి. స్థలాలు కొని అమ్మడమే పని అయిన ఫారిన్ కంపెనీలో మనం పెట్టుబడి పెట్టకూడదు. ఐటీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికలో ఈ ఆస్తి చూపించడం తప్పనిసరి, దాస్తే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల పెనాల్టీ దాకా వెళ్తుంది. ఫెమా తెలిసిన సీఏ ఫీజు గురించి బేరాలాడకండి.

ఇవన్నీ చేసే ముందు ఒక ఏడాది అద్దెకి ఉండండి, కుదరకపోతే కనీసం వానాకాలం ఒకటి గడపండి. వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రూపియా, మన డబ్బులో 2,700 అటూ ఇటూ, 30 రోజులు, ఇంకో 30 రోజులు ఒకసారి పొడిగించుకోవచ్చు. రిమోట్ జాబ్ ఉన్నవాళ్ళకి ఏడాది వీసా ఉంది, ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి. 12 నెలల్లో 183 రోజులు దాటితే అక్కడ ట్యాక్స్ రెసిడెంట్ అవుతారు, అది గుర్తుంచుకోండి. టూరిస్ట్ వీసా మీద ఉంటూ సొంత విల్లాని గెస్టులకి ఇచ్చి డబ్బులు తీసుకోవడం మాత్రం వద్దు, డిపోర్ట్ చేస్తారు.

ఇళ్ళు ఏడాది కాంట్రాక్ట్ మీద ఇస్తారు, అద్దె మొత్తం ముందే. అడ్వాన్స్‌కే ఏడ్చే మనకి ఇది షాకే, కానీ నెలనెలా ఓనర్ ఆంటీ ఫోన్ ఉండదు. కరెంటు చాలా ఇళ్ళలో ప్రీపెయిడ్, టోకెన్ కొంటే 20 అంకెలు వస్తాయి, మీటర్లో కొట్టాలి, బ్యాలెన్స్ అయిపోయే ముందు మీటర్ కుయ్ కుయ్ మంటుంది. అద్దెకి తీసుకునే ముందు మీటర్ కెపాసిటీ అడగండి, 900 వీఏ ఉంటే ఏసీ, గీజరు కలిపి వేయగానే ట్రిప్. నార్త్ సైడ్ వానలు తక్కువ, ఎండాకాలంలో నీళ్ళు ఎలా వస్తున్నాయో పక్కింటివాళ్ళని అడగండి, ఓనరుని కాదు. పెద్ద జబ్బు చేస్తే కొండ దాటి డెన్‌పసార్ పోవాల్సి రావచ్చు, అమ్మానాన్నలతో ఉండాలనుకునేవాళ్ళు ఇది సీరియస్‌గా ఆలోచించాలి. తిండికి ఇబ్బంది లేదు, బియ్యం, కొబ్బరి, చింతపండు, మిరపకాయలు అన్నీ బన్యుఆస్రి మార్కెట్లో దొరుకుతాయి, శాకాహారులు మాత్రం సంబల్ అనే కారం పచ్చడిలో రొయ్యల ముద్ద లేకుండా అడిగి తీసుకోవాలి, "తన్పా తెరాసి" అంటే చాలు. న్యేపి, అంటే బాలి వాళ్ళ మౌన పండగ రోజు గడప దాటకూడదు, ఎయిర్‌పోర్ట్ కూడా మూసేస్తారు, ఆ రోజుకి టికెట్ బుక్ చేసుకోవద్దు. బంజార్ అని వాడ కమిటీ ఉంటుంది, వాళ్ళ చందాలు, నియమాలు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కన్నా స్ట్రిక్ట్, వెళ్ళిన వారంలోనే పెద్దాయనని కలిసి పరిచయం చేసుకోండి.

అమ్మి బయటపడేటప్పుడు కూడా ఒక రూల్ ఉంది, లీజు బదిలీ చేసి వచ్చిన డబ్బుని మళ్ళీ బయట ఇన్వెస్ట్ చేయకపోతే 180 రోజుల్లో ఇండియాకి తెచ్చేయాలి, అక్కడి బ్యాంకులో ఊరికే ఉంచేసుకోవడానికి లేదు. కాబట్టి మొదట్లో పంపినప్పుడు బ్యాంకు ఇచ్చిన కాగితాలు, నోటరీ రసీదులు, అక్కడ కట్టిన పన్ను చలాన్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టి, స్కాన్ కాపీలు ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి.