కెర్నల్ అప్‌గ్రేడ్ తర్వాత సౌండ్ పోతే: పర్జ్ జోలికి పోకండి

మొన్న తెలిసిన కుర్రాడొకడు ఉబుంటు లినక్స్‌లో కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే, సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగం) అప్‌గ్రేడ్ చేశాడు. రీబూట్ అయ్యాక సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్ పేరు పోయి ‘డమ్మీ అవుట్‌పుట్’ మిగిలింది. మర్నాడే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఆ టెన్షన్‌లో ఎక్కడో దొరికిన పాత కమాండ్ పేస్ట్ చేశాడు. సౌండ్‌కి సంబంధించిన ఆల్సా-బేస్, పల్స్ ఆడియో అనే ప్యాకేజీలను పర్జ్ చేసి, అంటే సెట్టింగ్ ఫైళ్ళతో సహా తీసేసి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమనే కమాండ్ అది. సౌండ్ రాలేదు సరికదా, డెస్క్‌టాప్ సెట్టింగ్స్ కూడా మాయమయ్యాయి.

ఈ ఒక్క పర్జ్‌తో సిస్టమ్ పాడుచేసుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. సౌండ్ కార్డును నడిపే ఆల్సా డ్రైవర్లు ఉండేది కెర్నల్‌లోనే, కెర్నల్ 2.6 నాటి నుంచీ అంతే. ఆల్సా-బేస్‌లో ఉండేవి కాన్ఫిగరేషన్ ఫైళ్ళు. పల్స్ ఆడియో అయినా, ఉబుంటు 22.10 నుంచి దాని స్థానంలోకి వచ్చిన పైప్‌వైర్ అయినా డ్రైవర్ పైన పనిచేసేవే. కింద డ్రైవరే లోడ్ కాకపోతే పైవాటిని పీకి ఏం లాభం? వీధిలో పైపు పగిలితే ఇంట్లో కుళాయి ఊడబీకినట్టు. పైగా వాటి మీద ఆధారపడిన ప్యాకేజీలను కూడా ఆప్ట్ (ప్యాకేజీలను పెట్టే, తీసే కమాండ్) తీసేస్తుంది. ఆ తర్వాత, అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ కొడితే మిగిలినవీ ఊడ్చుకుపోతాయి.

అప్‌గ్రేడ్‌కి ముందు

సౌండ్ బాగున్నప్పుడే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కమాండ్‌ని ‘కే’ ఆప్షన్‌తో (lspci -k) నడిపి, ఆడియో పరికరం కింద ఏ డ్రైవర్ పేరుందో రాసిపెట్టుకోండి. తర్వాత పోల్చి చూడటానికి అదే ఆధారం. ఇంటర్వ్యూ, పరీక్ష, క్లాసు ఉన్న వారంలో అప్‌గ్రేడ్ వద్దు.

రీబూట్ తర్వాత

ముందు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer, వాల్యూమ్ సరిచేసే ప్రోగ్రామ్) తెరవండి. ఛానల్ కింద ‘ఎంఎం’ అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కితే పోతుంది. అది కాకపోతే, బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నల్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. అందులో సౌండ్ వస్తే స్పీకర్ బాగానే ఉంది, తేడా కొత్త కెర్నల్‌ దగ్గరే. మీ పని పాత కెర్నల్‌లో కానిచ్చుకుని, తీరిగ్గా వెతకండి.

కొత్త కెర్నల్‌కి తగ్గ లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వచ్చిందో లేదో చూడండి. ఉబుంటులో చాలా సౌండ్ డ్రైవర్లు దాంట్లోనే ఉంటాయి. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో ‘ఎస్‌ఓఎఫ్’ (sof, ఆ ల్యాప్‌టాప్‌ల సౌండ్ ఫర్మ్‌వేర్) అని వెతకండి, ఫర్మ్‌వేర్ దొరకలేదని ఉంటే గుట్టు అక్కడే.

డ్రైవర్‌ని విడిగా డీకేఎంఎస్‌తో (ప్రతి కొత్త కెర్నల్‌కీ డ్రైవర్‌ని మళ్ళీ కట్టే సాధనం) కట్టుకున్నారా? అలా కట్టడానికి కొత్త కెర్నల్ హెడర్ ఫైళ్ళు ఉండాలి.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో నడవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని డ్రైవర్ మాడ్యూల్ లోడ్ కాదు. రీబూట్‌లో వచ్చే నీలం తెరను దాటేయకండి, అక్కడ ఆ సంతకం తాలూకు కీ ఎన్‌రోల్ చేయండి.

సౌండ్ వచ్చే పాత కెర్నల్‌ని తీసేయకండి.

అయిదారేళ్ళ నాటి కమాండ్ పేస్ట్ చేయకండి.

ఆప్ట్ కొనసాగించాలా అని అడిగినప్పుడు, వై కొట్టేముందు తీసేయబోయే ప్యాకేజీల లిస్టు చదవండి. అందులో డెస్క్‌టాప్ అన్న మాట కనబడితే ఎన్ కొట్టండి.

పర్జ్ చేయకండి. ఎవరు చెప్పినా సరే, చేయకండి.