ఢిల్లీ చూడటం ఎలా? ముందు నెల తేల్చుకోండి, చోట్లు తర్వాత

"ఢిల్లీ వస్తున్నాం, ఏమేం చూడాలి?" అని మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే: "ఏ నెలలో?" అవతల కాసేపు మాట ఉండదు. టికెట్లు అప్పటికే తీసేసి ఉంటారు. పిల్లల సెలవులు మేలో కాబట్టి మేలో వస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎర్రకోట రాతి నేల మీద చెప్పులు కాలుతుంటే "ఇదేనా ఢిల్లీ" అని నీరసపడిపోతారు. అదే మనుషుల్ని ఫిబ్రవరి చివర్లో అదే చోట నిలబెడితే కదలమంటే కదలరు.

ఇక్కడ ఏళ్ల తరబడి చుట్టాలకు ఊరు చూపించాక నాకు తెలిసింది ఇదే. ఢిల్లీలో రుతువు మారితే ఊరే మారిపోతుంది. అందుకే నెలతో మొదలుపెడదాం.

1. నెల ఎంచుకోండి

మీ చేతిలో ఉంటే ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మూడో వారం దాకా ఎప్పుడైనా రండి. దానికి తర్వాతి స్థానం అక్టోబరుది. డిసెంబరు, జనవరి నెలల్లో చలి బాగా ఉంటుంది, పొగమంచుకి రైళ్లు, విమానాలు ఆలస్యమవుతాయి. అయినా ఆ చలికే దొరికే సరదాలు ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత ఉన్నా చెట్లు బాగుంటాయి. మే, జూన్ తప్పనిసరైతేనే.

దీపావళి తర్వాత రెండు మూడు వారాలు మాత్రం చిన్నపిల్లలతో, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లతో రావద్దని గట్టిగా చెప్తాను. పొరుగు రాష్ట్రాల పొలాల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ, బండ్ల పొగ, టపాసుల పొగ కలుస్తాయి. గాలి కదలదు, నేల దగ్గరి చల్లటి గాలి పైకి లేవదు కాబట్టి పొగ అందులోనే చిక్కుకుంటుంది. కళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. గోపురాలు వంద అడుగుల దూరం నుంచి కూడా మసగ్గా కనిపిస్తాయి.

2. ఏ రోజు ఏది సెలవో చూసుకోండి

ఇది చిన్న పనే గానీ ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. సోమవారం ఎర్రకోట, జాతీయ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షరధామ్, గాంధీస్మృతి అన్నీ మూసేస్తారు. కుతుబ్‌మినార్, హుమాయూన్ సమాధి రోజూ తెరిచే ఉంటాయి కాబట్టి సోమవారాన్ని వాటికి ఇవ్వండి. ఆదివారం చాందినీచౌక్‌లో చాలా కొట్లు కట్టేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం జామా మసీదులో నమాజు, అప్పుడు సందర్శకుల్ని లోపలికి పోనివ్వరు. జంతుప్రదర్శనశాలకూ శుక్రవారమే సెలవు. ఆగ్రా కూడా వెళ్లాలనుకుంటే తాజ్‌మహల్‌కీ శుక్రవారమే సెలవని గుర్తుంచుకోండి. ఇవన్నీ కలిపి చూస్తే పాత ఢిల్లీకి మంగళ, బుధ, గురు, శనివారాలు మిగులుతాయి.

మరో మాట. జనవరి 26కి, ఆగస్టు 15కి ముందు కొన్ని రోజులు ఎర్రకోటలోకి జనాన్ని వదలరు. ఆ రోజుల్లో వస్తే దాన్ని బయటినుంచే చూడాలి.

3. బస మెట్రోకి దగ్గరగా పెట్టుకోండి

హోటల్ ఎంత బాగున్నా మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లలేనంత దూరంలో ఉంటే వద్దు. రోజుకి రెండు గంటలు ట్రాఫిక్‌లోనే పోతాయి. విమానంలో వచ్చేవాళ్లకు మూడో టెర్మినల్ నుంచి న్యూఢిల్లీ స్టేషన్ దాకా ఎయిర్‌పోర్ట్ మెట్రో ఉంది, ఇరవై నిమిషాల పని. ఎక్కేచోట ప్రతిసారీ సామాను తనిఖీ ఉంటుంది, పెద్ద పెట్టెలతో వెళ్తే ఆ కాస్త సమయం కలుపుకోండి. ఒక బోగీ ఆడవాళ్లకే కేటాయించి ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తు చూసి అక్కడ నిలబడితే సరిపోతుంది.

4. రోజుకి ఒక వైపే తిరగండి

టూరు బస్సులవాళ్లు ఒక్కరోజులో పది చోట్లు చూపిస్తామంటారు. ఎక్కడా అరగంట కూడా నిలవనివ్వరు. నా లెక్క వేరు. ఊరిని నాలుగు ముక్కలు చేసుకుని రోజుకి ఒకటి చూడండి.

ఒకరోజు పాత ఢిల్లీ. షాజహాన్ 1639లో కట్టించడం మొదలుపెట్టిన ఎర్రకోట, 1656లో పూర్తయిన జామా మసీదు, రెంటి మధ్య చాందినీచౌక్ గల్లీలు. లాల్ ఖిలా స్టేషన్‌లో దిగి, మళ్లీ చాందినీచౌక్ స్టేషన్‌లో ఎక్కేయొచ్చు.

ఒకరోజు దక్షిణాన మెహ్రౌలీ. 72.5 మీటర్ల కుతుబ్‌మినార్‌ని తలెత్తి చూసి వచ్చేయకండి. పక్కనే ఉన్న ఇనుప స్తంభం దగ్గర ఆగండి. గుప్తుల కాలంనాటిది, పదహారు వందల ఏళ్లుగా ఆరుబయట వానకీ ఎండకీ నిలబడి ఉంది. చంద్రుడనే రాజును పొగుడుతూ దాని మీద బ్రాహ్మీ లిపిలో సంస్కృత శ్లోకాలు చెక్కారు. చుట్టూ కంచె వేశారు కాబట్టి ముట్టుకోలేం గానీ, ఆ అక్షరాలు కంటికి ఆనుతాయి. మెట్రో స్టేషన్ పేరు కుతుబ్‌మినారే అయినా అక్కడినుంచి ఆటో ఎక్కాలి.

ఒకరోజు హుమాయూన్ సమాధి, దాని ఎదుటి సుందర్ నర్సరీ, ఆపైన లోధీ గార్డెన్. మూడూ చెట్ల నీడన తిరిగే చోట్లు, ముసలివాళ్లకు హాయి.

నాలుగో రోజు ఇండియా గేట్ వైపు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు అక్కడ ఫొటో దిగి వచ్చేస్తారు. ఇండియా గేట్ వెనక రాతి ఛత్రం కింద నేతాజీ విగ్రహం ఉంది. ఆ నల్లరాయి మన ఖమ్మం నుంచి వచ్చింది. 280 టన్నుల ఏకశిలను పెద్ద ట్రక్కు మీద ఢిల్లీకి తెచ్చి, 28 అడుగుల విగ్రహంగా చెక్కారు. 2022 సెప్టెంబరులో ఆవిష్కరించారు. దాని పక్కన 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం. గుండ్రంగా తిరిగే గోడల నిండా గ్రానైటు పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో సైనికుడి పేరు. గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు పేరు అందులో ఉంది. పిల్లల చేత వెతికించండి. ఎర్రకోట ముందు అల్లరి చేసిన మా మేనల్లుడు ఆ గోడల మధ్య గంటసేపు పేర్లు చదువుతూ తిరిగాడు.

అక్కడినుంచి కాస్త నడిస్తే నిజాం కోసం బ్రిటిష్ వాస్తుశిల్పి లుట్యెన్స్ గీసిచ్చిన హైదరాబాద్ హౌస్. ఇప్పుడు విదేశీ నాయకులతో చర్చలు జరిగేది అందులోనే, మనకు బయటినుంచే దర్శనం. దాన్ని ఆనుకుని ఆంధ్రభవన్. క్యాంటీన్‌లో పప్పు, పొడి, నెయ్యి, పచ్చడితో అన్నం పెడతారు. మధ్యాహ్నం బాగా రద్దీ, పన్నెండున్నర లోపే వెళ్లిపోండి.

5. చలికాలంలో వస్తే

ఉష్ణోగ్రత రాత్రిళ్లు నాలుగైదు డిగ్రీలకు పడిపోతుంది. మన దగ్గర వేసుకునే ఒంటి స్వెటర్ చాలదు. లోపల థర్మల్, దాని మీద స్వెటర్, పైన గాలి చొరని కోటు ఉండాలి. సాక్సులు రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి. బంగ్లా సాహిబ్ గురుద్వారాలో చెప్పులు విప్పి పాలరాయి మీద అడుగుపెడితే చలి మోకాళ్ల దాకా ఎక్కుతుంది.

పొగమంచు తెల్లవారుజాము నుంచి పది, పదకొండు దాకా ఉంటుంది. కాబట్టి పొద్దున్నే బయలుదేరే అలవాటు ఇక్కడ మానుకోండి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండ కాస్తుంది, ఆ ఎండలోనే తిరగాలి. ఒక జనవరిలో మా అత్తమ్మ వాళ్లు ఎక్కిన రైలు మంచుకి ఆగి ఆగి తొమ్మిది గంటలు ఆలస్యంగా చేరింది. ఆ సాయంత్రమే హరిద్వార్‌కి తీసుకున్న టికెట్లు పోయాయి. జనవరిలో రైలుకి రైలు కలిపి టికెట్లు తీయకండి. మధ్యలో ఒక రాత్రి వదలండి.

ఇక ఆ చలి ఇచ్చే వరం దౌలత్ కీ చాట్. పేరులో చాట్ ఉన్నా అందులో కారం ఉండదు. పాలను రాత్రి మంచులో ఉంచి, తెల్లవారకముందే చిలికి, పైకి తేలిన నురగను పళ్లెంలో పోగుచేస్తారు. చాందినీచౌక్, కినారీ బజార్ గల్లీల్లో ఒక స్టాండు మీద ఎత్తుగా తెల్లటి గుట్ట, పైన కుంకుమపువ్వు పసుపు చారలు కనిపిస్తే అదే. అమ్మేవాడు చెంచాతో నురగను దొన్నెలోకి తీసి, కోవా పొడి, పంచదార పొడి చల్లి ఇస్తాడు. నోట్లో పెట్టుకుంటే ఏదో ఉన్నట్టే ఉండి మాయమవుతుంది, పాల వాసన మిగులుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే దొరుకుతుంది, ఎండ ముదిరితే నురగ నిలవదు. సాయంత్రం బండ్ల మీద బొగ్గుల్లో కాల్చిన చిలగడదుంప నిమ్మకాయ పిండి పెడతారు, అదీ వదలొద్దు.

జనవరి 26 పరేడ్ చూడాలంటే ఆన్‌లైన్‌లో ముందే టికెట్లు తీసుకోవాలి, ఏ ఫొటో గుర్తింపు కార్డు చూపించారో అదే వెంట ఉండాలి. తెల్లవారుజామునే చేరి చలిలో గంటలు కూర్చోవాలి. పెద్దవాళ్లతో వస్తే నా సలహా 29 సాయంత్రం విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్. సైనిక బ్యాండ్లు వాయిస్తూ కదులుతుంటే పొద్దు వాలుతుంది. చివర్లో ఒక్కసారిగా రాష్ట్రపతి భవన్, రెండు సచివాలయ భవనాలు దీపాలతో వెలుగుతాయి.

6. ఫిబ్రవరి, మార్చిలో వస్తే

రాష్ట్రపతి భవన్ వెనక ఉన్న అమృత్ ఉద్యాన్‌ని ఈ రోజుల్లో జనం కోసం తెరుస్తారు. ప్రవేశం ఉచితం, ఆన్‌లైన్‌లో వేళ బుక్ చేసుకోవచ్చు, సోమవారం సెలవు. ఉదయం మొదటి వేళే తీసుకోండి. విదేశీ రాయబార కార్యాలయాలున్న శాంతిపథ్‌లో ఫిబ్రవరి నడుమ తులిప్ పూలు వరసలుగా విచ్చుకుంటాయి. వాటికి టికెట్టూ లేదు, క్యూ కూడా లేదు. మార్చి మొదట్లో ఎర్ర బూరుగు చెట్లు ఆకులన్నీ రాల్చేసి పూలతో నిలబడతాయి. అరచేయంత ఎర్రటి పువ్వు పైనుంచి పడితే దబ్ మని చప్పుడవుతుంది. నగరాన్ని ఆనుకుని హరియాణాలో సూరజ్‌కుండ్ చేతివృత్తుల మేళా కూడా ఫిబ్రవరిలోనే.

7. వేసవి తప్పకపోతే

కట్టడాలు చాలావాటిని సూర్యోదయానికే తెరుస్తారు. ఆరున్నరకల్లా వెళ్లి తొమ్మిదిన్నరకి బయటపడండి. వడగాలి వీచే మధ్యాహ్నాన్ని లోపల గడపాలి. జాతీయ మ్యూజియంలో మొహెంజొదారో నాట్యకత్తె ఉంది. ఫొటోల్లో చూసి నిలువెత్తు బొమ్మ అనుకుంటాం, తీరా చూస్తే నాలుగంగుళాలు. నాగార్జునకొండ శిల్పాలూ అక్కడున్నాయి. తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల మ్యూజియంలో పి.వి.నరసింహారావు గారి భాగం చూడండి. హుమాయూన్ సమాధి దగ్గర 2024లో తెరిచిన మ్యూజియం భూగర్భంలో ఉంది, మెట్ల బావిలోకి దిగినట్టు దిగాలి.

మే నెలకి ఒకే అందం ఉంది. రేలచెట్లు పూస్తాయి. ఆకు కనపడకుండా పసుపు గుత్తులు వేలాడుతూ రోడ్లకి రోడ్లే పచ్చబడిపోతాయి. సాయంత్రం ఉన్నట్టుండి దుమ్ము లేచి ఆకాశం గోధుమరంగుకి తిరిగితే చెట్ల కింద నిలబడకుండా ఏదైనా భవనంలోకి పొండి. ఆ గాలికి కొమ్మలు విరుగుతాయి.

8. వానల్లో వస్తే

రుతుపవనం జూన్ చివర్లో చేరుతుంది. జూలైలో ఇండియా గేట్ నుంచి రాష్ట్రపతి భవన్ వైపు వెళ్లే కర్తవ్యపథ్ పక్క నేరేడు చెట్ల కింద చూడండి. ఒకతను కొమ్మెక్కి ఊపుతాడు, కింద నలుగురు టార్పాలిన్ పట్టా నాలుగు మూలలా పట్టుకుని నిలబడతారు. పళ్లు టపటపా రాలతాయి. వాటినే పక్కన బుట్టల్లో నల్లుప్పు చల్లి అమ్ముతారు. మనూరి నేరేడే, కానీ రాష్ట్రపతి భవన్ కనిపించే రోడ్డు మీద నాలుక ఊదారంగు చేసుకోవడం పిల్లలకు భలే సంబరం.

మెహ్రౌలీ పురావస్తు పార్కు ఈ నెలల్లో అడవిలా పచ్చగా ఉంటుంది. పాత మెట్ల బావుల దగ్గర రాళ్లు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. ఆగస్టు చివరికి జంతుప్రదర్శనశాల చెరువు చెట్ల మీదకు గులాబీ తోకల కొంగలు గుంపులుగా వచ్చి గూళ్లు కడతాయి. అవి బోనుల్లోవి కావు, బయటినుంచి ఎగిరొచ్చినవి. అక్టోబరులో వస్తే పిల్లలు గూళ్లలో మెడలు చాపుతూ అరవడం వినిపిస్తుంది.