పాత స్పీకర్లకు ట్వీటర్: రంపం పట్టకముందే చోటు తేల్చుకోండి

పాత కాగితపు కోన్ స్పీకర్లకు ట్వీటర్ (సన్నని ఎత్తు స్వరాలను పలికే చిన్న స్పీకర్) ఎలా పెట్టాలని అడిగినవారికి నేను మొదట చెప్పేది, రంపం పక్కన పెట్టమని. పెట్టె ముందువైపు పలకకు ఒకసారి రంధ్రం కోస్తే దాన్ని మళ్లీ పూడ్చలేం. ఆ రంధ్రం సరైన చోట పడిందో లేదో ట్వీటర్ మోగిన తరువాత గాని తెలియదు. కాబట్టి చోటును చెవితో తేల్చుకున్నాకే కోత సంగతి ఆలోచించాలి. చాలామందికి ఆపైన కోత అవసరమే కనిపించదు.

అసలు ట్వీటర్ కావాలా అన్నది ముందు చూడండి. పెట్టెలో ఇప్పటికే ట్వీటర్ ఉండి మోగడం లేదంటే, తప్పు చాలాసార్లు ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ది, అంటే ఎత్తు స్వరాలను మాత్రమే ట్వీటర్‌కు పంపే చిన్న భాగానిది. దాన్ని మారిస్తే పని అయిపోవచ్చు. అన్ని స్వరాలనూ తానే పలికే ఎనిమిది అంగుళాల కోన్ (ఫుల్‌రేంజ్) ఒక్కటే ఉంటే, తక్కువ శబ్దంతో 4,000 నుంచి 12,000 హెర్ట్జ్ దాకా స్వరాలు వినిపించి ఎక్కడ నీరసపడుతోందో రాసుకోండి. నా చెవులకు 11,000 దాటితే వినిపించదు కాబట్టి ఈ పరీక్షకు మనవరాలిని కూర్చోబెడతాను. జీతం అడగదు, తీర్పులో దయా చూపదు.

అదే పరీక్షను పక్కకు జరిగి కూడా చేయండి. 20 సెంటీమీటర్ల కోన్ సుమారు 1,700 హెర్ట్జ్ నుంచే శబ్దాన్ని సన్నని పుంజంలా ముందుకు పంపడం మొదలుపెడుతుంది, ఎందుకంటే అక్కడ తరంగదైర్ఘ్యం కోన్ వ్యాసంతో సమానమవుతుంది. 6,000 పైన మోగే ట్వీటర్ ఈ లోపాన్ని తీర్చలేదు. అది పై స్వరాలను మాత్రమే తిరిగి ఇస్తుంది. ఇంతకన్నా ఎక్కువ ఆశించేవారు వేరే స్పీకర్లు చూసుకోవడం మేలు.

సర్క్యూట్‌ను నేను వీలైనంత చిన్నదిగా ఉంచుతాను. నా పాత జత 16 ఓమ్‌లది. ట్వీటర్లు 8 ఓమ్‌లవి. ట్వీటర్‌తో వరుసగా 8 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్ పెడితే రెండు పనులు జరుగుతాయి: భారం 16 ఓమ్‌లకు చేరుతుంది, ట్వీటర్ శబ్దం 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఈ తగ్గింపు కావాలి, ఎందుకంటే ఒకే వోల్టేజి దగ్గర 8 ఓమ్‌ల ట్వీటర్ రెట్టింపు శక్తి లాగుతుంది, పైగా కొత్త ట్వీటర్లు చాలావరకు పాత కోన్‌ల కన్నా గట్టిగా మోగుతాయి. వీటికి ముందు 1.5 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ఉంటుంది. 16 ఓమ్‌లతో కలిసి అది దాదాపు 6,600 హెర్ట్జ్ దగ్గర హద్దు పెడుతుంది, అంతకన్నా కింది స్వరాలు ట్వీటర్‌కు తగ్గుతూ పోతాయి. ఈ మొత్తాన్ని ఫుల్‌రేంజ్ తీగలకు సమాంతరంగా కలిపితే చాలు. ఫుల్‌రేంజ్‌కు ఏమీ చేయనవసరం లేదు, పై స్వరాల దగ్గర అది తనంతట తానే తగ్గిపోతుంది.

ఇక చోటు సంగతి. 6,600 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 5.2 సెంటీమీటర్లు. ఎనిమిది అంగుళాల కోన్ మధ్యకూ ట్వీటర్ మధ్యకూ ఎంత దగ్గర చేర్చినా 13, 14 సెంటీమీటర్ల దూరం తప్పదు. అంటే రెండింటి శబ్దాలు ఒకచోట కలిసి పెరుగుతాయి, మరోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దీన్ని తప్పించలేం గాని ఏ దిక్కున జరగాలో మనం ఎంచుకోవచ్చు. ట్వీటర్‌ను కోన్‌కు సరిగ్గా పైన పెడితే మార్పులన్నీ నిలువు దిశలో ఉంటాయి. కుర్చీలో కూర్చున్నవారు తల పైకీ కిందికీ ఆడించరు కదా. పక్కన పెడితే కాస్త జరిగినప్పుడల్లా ధ్వని రంగు మారుతుంది. 1947లో టానాయ్ కంపెనీ స్పీకర్ డ్యూయల్ కాన్సెంట్రిక్ రెండింటినీ ఒకే అక్షం మీద ఉంచి ఈ తగాదా తీర్చింది. దాన్ని చూసి కోన్ ముందు అడ్డపట్టీ బిగించి ట్వీటర్ వేలాడదీసేవారున్నారు. నాకు నచ్చదు, కోన్‌కు అడ్డం వస్తుంది.

అందుకే ట్వీటర్‌ను చిన్న చెక్కదిమ్మకు బిగించి పెట్టె పైన ఉంచండి. ఇది కొత్త పద్ధతేమీ కాదు, 1954లో వచ్చిన ఏఆర్-1 స్పీకర్ పైన జాన్సెన్ ఎలక్ట్రోస్టాటిక్ ట్వీటర్ పెట్టెను పెట్టి వినేవారు. మీ పెట్టెలో కోన్ కింది భాగంలో ఉంటే పెట్టెను తలకిందులు చేయండి. కంపెనీ బిళ్ల తిరగబడుతుంది, ధ్వని బాగుపడుతుంది.

ముందువెనుకల విషయంలో ఓపిక కావాలి. ఈ ఎత్తు స్వరాల దగ్గర ఒక సెంటీమీటరు జరిగితే దశ (రెండు శబ్దాల అలలు ఒకదానికొకటి ఎంత ముందువెనుకలుగా ఉన్నాయన్నది) దాదాపు 70 డిగ్రీలు మారుతుంది. ట్వీటర్ తీగలను కావాలనే తిరగేసి కలపండి. 6,600 దగ్గరి స్వరం మోగిస్తూ, రోజూ కూర్చునే చోట చెవి ఎత్తున మైకు గాని ఫోను గాని ఉంచి, దిమ్మను ఐదేసి మిల్లీమీటర్లు జరపండి. కోన్‌ను కదిలించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) ఉన్న లోతు నుంచి మొదలుపెడితే త్వరగా తేలుతుంది. శబ్దం అన్నిటికన్నా లోతుగా పడిపోయిన చోటే మీకు కావలసింది. అక్కడ గుర్తు పెట్టి తీగలను మామూలుగా కలిపేయండి. దిమ్మ వెనక్కి జరిగి ఉంటే దాని ముందు మందపాటి ఫెల్ట్ పరచండి, లేకపోతే పెట్టె పైభాగం శబ్దాన్ని తిప్పికొడుతుంది.

తీగలు మామూలుగా కలపాలంటే కోన్‌కు ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది తెలియాలి; దాన్ని 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించి చూడవచ్చు. సాధారణంగా ప్లస్‌కు ప్లస్ తాకితే కోన్ బయటకు కదులుతుంది. పాత జేబీఎల్ డ్రైవర్లు దీనికి తిరగబడి లోపలికి వెళతాయి. ఈ పరీక్షను ట్వీటర్ మీద మాత్రం చేయకండి.

అయినా పలకలోనే బిగించి తీరాలంటారా? ముందు కోన్‌ను విప్పి వేరే గదిలో పెట్టండి. ఇనుప రజను అయస్కాంతం సందులోకి చేరితే కాయిల్ గీసుకుపోతుంది. రంధ్రం ఎడమ, కుడి, పై అంచులకు సమాన దూరంలో ఉండకూడదు, ఉంటే అంచుల ప్రతిధ్వనులన్నీ ఒకే స్వరం మీద పోగవుతాయి. 36 సెంటీమీటర్ల పలక మీద ఒక పక్క నుంచి 14, ఇంకో పక్క నుంచి 22, పై నుంచి 9 అనుకోండి. కోన్‌కు కచ్చితంగా పైన రాకపోయినా ఈ కాస్త పక్కకు జరగడం ఫరవాలేదు. రెండో పెట్టెలో దీన్ని అద్దంలో చూసినట్టు తిప్పండి. అంచు పలకతో సమంగా కూర్చునేలా గాడి తీయండి. వెనుక తెరిచి ఉన్న కోన్ ట్వీటర్ అయితే మూతపెట్టిన డబ్బా తప్పనిసరి, లేదంటే పెద్ద కోన్ ఒత్తిడి దాన్ని ఊపేస్తుంది.

మోత సరిపోయిందా అన్నది మనిషి గొంతుతో చూడండి. సకారాలు ఈలలా గుచ్చుతుంటే ట్వీటర్ ఎక్కువైనట్టే. అప్పుడు రెసిస్టర్‌ను 12 ఓమ్‌లకు పెంచి, కెపాసిటర్‌ను 1.2 మైక్రోఫారడ్‌కు తగ్గించండి, 6,600 హెర్ట్జ్ హద్దు అక్కడే ఉంటుంది.