రెండు లిపులు, రెండు రంగులు: స్క్రీన్ ప్రింట్ పోస్టరును కలిసి తయారుచేసే విధానం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్ళలో నాటకానికో చిత్రప్రదర్శనకో పోస్టరు వేసేటప్పుడు తెలుగు, ఒడియా లిపులు రెండూ ఉండవలసి వస్తుంది. తొందర పని అయితే ఫ్లెక్సీ చాలు. వంద, రెండు వందల ప్రతులు మంచి కాగితం మీద కావాలని, చూసినవారు వాటిని దాచుకోవాలని అనుకుంటే, చట్రానికి బిగించిన సన్నని జాలీగుడ్డ గుండా ఇంకును కాగితం మీదికి దించే స్క్రీన్ ప్రింటింగ్ మేలు. అయితే ఈ పని ఒక్కరి చేతిలో పూర్తి కాదు. డిజైనరు, ఒడియా బాగా చదవగలిగినవారు, స్క్రీన్ మీద ముద్ర వేసే ప్రింటరు, వీలైతే ఒక చిత్రకారుడు మొదటి రోజు నుంచే కలిసి కూర్చోవాలి.

కంప్యూటరు తెరవక ముందే ఎన్ని రంగులు వాడాలో నిర్ణయించుకోవాలి. ప్రతి రంగుకూ ఒక పాజిటివు (వెలుగు దూరే కాగితం మీద నల్లగా తీసిన మూలప్రతి), ఒక స్క్రీను, ఒక విడత ముద్రణ, మళ్ళీ ఆరబెట్టడం ఉంటాయి కాబట్టి మొదటి ప్రయత్నానికి రెండు రంగులు మించకపోవడం మంచిది. ఇంకు పారదర్శకంగా ఉంటే పసుపు మీద నీలం పడినచోట ఆకుపచ్చ వచ్చి మూడో రంగు ఖర్చు లేకుండానే దొరుకుతుంది. ఆ మూడో రంగును బొమ్మల్లో ఎంతైనా వాడుకోవచ్చు గాని చిన్న అక్షరాలకు వాడకూడదు, ఎందుకంటే రెండో ముద్ర వెంట్రుకవాసి పక్కకు జరిగినా అక్షరం అంచులు రెండుగా కనబడతాయి. తేదీ, వేళ, వేదిక వంటి వివరాలన్నీ ముదురు రంగు స్క్రీను ఒక్కదానిలోనే ఉండాలి.

అక్షరాల దగ్గర ఎక్కువ సమయం గడపక తప్పదు. రెండు లిపులకూ ఒకే పాయింట్ సైజు ఇచ్చినంత మాత్రాన అవి సమానంగా కనబడవు. ఒడియా అక్షరాలలో చాలావాటికి పైన గుండ్రని గొడుగు ఒకేలా ఉంటుంది, ఒక అక్షరాన్ని మరొకదాని నుంచి వేరు చేసే భాగం దాని కింద చిన్నగా ఉంటుంది. అందువల్ల ఒడియా పంక్తిని కొంచెం పెద్దది చేసి, కాగితాన్ని గోడకు తగిలించి, పది అడుగుల దూరం నుంచి రెండూ సమానంగా ఆనుతున్నాయో లేదో చూడాలి. తెలుగుకు పంక్తుల నడుమ ఎడం ఎక్కువ కావాలి, లేకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. ఒకే కుటుంబంగా రూపొందిన ఫాంట్లు ఈ శ్రమను చాలావరకు తగ్గిస్తాయి. ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వారి బాలూ తమ్ముడు తెలుగుకూ, బాలూ భాయినా ఒడియాకూ ఉన్నాయి. వారిదే అయిన అనేక్ కుటుంబంలోనూ రెండు లిపులున్నాయి, పైగా అందులో అక్షరం మందాన్నీ వెడల్పునూ క్రమంగా మార్చుకోవచ్చు.

ఇంకు కాస్త పరుచుకుంటుంది కాబట్టి ‘థ’ లోపలి చుక్క పూడుకుపోవచ్చు, ‘ధ’ కింది గీత మూసుకుపోవచ్చు. ఒడియాలో ‘డ’ కింద చుక్క చేరితే అది వేరే ధ్వని అవుతుంది. ఒడియా అనే పేరును ఆ లిపిలో రాసినప్పుడు ఆ చుక్క అందులోనే ఉంటుంది, దాన్ని పోగొట్టిన పోస్టరును ఆ ఊళ్ళో ఎవరూ క్షమించరు. గీతలు, చుక్కలు అర మిల్లీమీటరుకు తగ్గకుండా చూసుకోవాలి. తెలుగు మాటర్ ‘అను’ ఫాంట్లలోనూ ఒడియా మాటర్ ‘ఆకృతి’ ఫాంట్లలోనూ (రెండూ యూనికోడ్ కానివి) రావడం ఇక్కడ మామూలే గనుక, యూనికోడులోకి మార్చి, డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్ డ్రాలో కర్వ్స్ చేసిన (అక్షరాలను బొమ్మలుగా మార్చిన) తరువాతనే ప్రూఫు తీసి ఇద్దరు పాఠకుల చేత చదివించాలి. మార్పిడిలోనే ఒత్తులు తప్పిపోతుంటాయి.

రాయగడ, గజపతి జిల్లాల సవరల గోడచిత్రాలను పోస్టర్లలో వాడాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. ఎర్రమట్టి గోడ మీద బియ్యపు పిండితో తెల్లగా గీసే ఆ ఇదితాల్ చిత్రాలు దేవతల కోసం, పితరుల కోసం వేసేవి. ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మను ట్రేస్ చేయడం నా దృష్టిలో సహకారం కాదు. సవర చిత్రకారుణ్ణి భాగస్వామిగా పిలిచి, ఏ బొమ్మ పోస్టరుకు తగినదో ఏది తగదో ఆయననే చెప్పనిచ్చి, ముందే సొమ్ము మాట్లాడుకొని, పోస్టరు అడుగున పేరు వేయాలి. ఆయనను కంప్యూటరు ముందు కూర్చోబెట్టనక్కరలేదు. ట్రేసింగ్ పేపరు మీద నల్ల ఇంకుతో గీస్తే అదే నేరుగా పాజిటివుగా పనికొస్తుంది.

ఇక స్క్రీను సంగతి. 1907లో మాంచెస్టరుకు చెందిన శామ్యూల్ సైమన్ ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నప్పుడు చట్రానికి పట్టుగుడ్డే బిగించేవారు. పట్టుచీరల ఊరైన బరంపురంలో కూడా ఇప్పుడు వాడేది పాలిస్టరు మెషే (జాలీగుడ్డే). కాగితానికి సెంటీమీటరుకు 90 నుంచి 120 దారాల మెషూ, గుడ్డ సంచులకు 43 నుంచి 55 దారాల మెషూ సరిపోతాయి. వెలుగు తగిలినచోట గట్టిపడే ఎమల్షన్ అనే పూతను మెష్ మీద పల్చగా, సమంగా పూసి చీకటి గదిలో ఫ్యాను కింద ఆరబెట్టాలి. సముద్రపు గాలి తగిలే గంజాం వైపు వానాకాలంలో అది పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడిగానే ఉంటుంది, అలాంటి స్క్రీనును కడగగానే అక్షరాలు ఊడిపోతాయి. బైక్రోమేటు కలిపే పాత పద్ధతి చవకే గాని ఆ రసాయనం క్యాన్సరు కారకం కనుక డయజో ఎమల్షన్ కొనుక్కోవడమే మంచిది.

ఎండలో ఎక్స్‌పోజ్ చేసేవారు, అంటే పాజిటివును స్క్రీనుకు ఆనించి వెలుగు పడనిచ్చేవారు, ముందు ఒక చిన్న స్క్రీను మీద అట్టముక్కను అర నిమిషానికి ఒకసారి జరుపుతూ పరీక్షించి, ఏ పట్టీలో గీతలు శుభ్రంగా విడివడ్డాయో ఆ సమయాన్ని పాటించాలి. పాజిటివులో ఇంకు ఉన్న వైపు ఎమల్షనుకు ఆనుకొని ఉండాలి, స్క్వీజీ (ఇంకును నెట్టే రబ్బరు పలక) లాగే వైపు నుంచి చూస్తే అక్షరాలు తిన్నగా చదవగలగాలి.

ముద్రణకు ముందు రోజే కాగితాన్ని ఆ గదిలో విడిగా పరిచి ఉంచాలి, ఎందుకంటే తేమకు కాగితం సాగుతుంది; మొదటి రంగు పడిన తరువాత సాగితే రెండోది కుదరదు. బల్ల మీద పొడవు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి అట్టముక్కలు అంటించి ప్రతి కాగితాన్నీ ఆ మూడింటికీ ఆనించాలి. స్క్రీనుకూ కాగితానికీ నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచి, స్క్వీజీని కొంచెం వంచి ఒకే ఊపున లాగాలి. లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత వేయాలి. రెండు రంగులు అంచున కలిసేచోట లేత రంగును ముదురు రంగు కిందికి అర మిల్లీమీటరు పొడిగించి ఉంచితే తెల్లటి సందు కనబడదు. పాడయ్యే కాగితాలకు నూటికి పది చొప్పున అదనంగా ముందే కోయించుకోవాలి.

తగవులు సాధారణంగా పని అయిన తరువాతనే మొదలవుతాయి. అందుకని అక్షరాల తప్పొప్పుల మీద చివరి మాట పాఠకులది, రంగు మీద ప్రింటరుది, బొమ్మ మీద చిత్రకారుడిది అని ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి. ఇంకు పాళ్ళు, మెష్ సంఖ్య, ఎక్స్‌పోజింగ్ సమయం ఒక ప్రతి వెనుక రాసి పాజిటివులతో కలిపి భద్రపరచాలి. పాజిటివులు ఎవరి దగ్గర ఉంటాయో, మళ్ళీ అచ్చు వేయాలంటే ఎవరెవరిని అడగాలో, ఆ సొమ్ము ఎలా పంచుకోవాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.