అవుట్‌లుక్ మెయిల్‌లో స్పెల్‌చెక్ మొరాయిస్తే: లోపం ఎక్కడుంటుంది, ఎలా సరిచేయాలి

ఇది విండోస్‌లోని క్లాసిక్ అవుట్‌లుక్ గురించి. పైన కుడిపక్క ‘న్యూ అవుట్‌లుక్’ మీట ఆన్‌లో ఉంటే మీరు వాడుతున్న ఎడిటర్ వేరు, ఈ మెనూలు అక్కడ కనబడవు.

ఆఫీస్‌ను రిపేర్ చేసే ముందు, తీసేసి మళ్లీ ఎక్కించే ముందు ఒక్క పని చేయండి. ఎర్రగీత పడాల్సిన తప్పు మాట మీద కర్సర్ పెట్టి రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్ నొక్కండి. రీడింగ్ పేన్‌లోనే, అంటే మెయిల్ చదివే భాగంలోనే జవాబు రాస్తుంటే రివ్యూ ట్యాబ్ కనిపించదు, ముందు ‘పాప్ అవుట్’ నొక్కాలి. తెరుచుకున్న పెట్టెలో రెండు సంగతులు చూడాలి: ఏ భాష ఎంపికై ఉంది, కింద ‘డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్’ దగ్గర టిక్ ఉందా. చాలామంది ఫైల్, ఆప్షన్స్‌లోకి వెళ్లి గంటసేపు వెతుకుతారు గానీ ఈ పెట్టె తెరవరు. క్లాసిక్ అవుట్‌లుక్‌లో మెయిల్ రాసే ఎడిటర్ నిజానికి వర్డే. వర్డ్‌లో భాష ప్రోగ్రామ్‌కి కాదు, రాసిన అక్షరాలకు అంటుకుని ఉంటుంది. ఒకే మెయిల్‌లో మొదటి పేరాకు ఒక భాష, రెండో పేరాకు ఇంకొకటి ఉండొచ్చు.

కలర్, ఆర్గనైజేషన్ లాంటి మాటలను బ్రిటిష్ పద్ధతిలో రాస్తే ఎర్రగీత పడుతోంది

ఎంపికైన భాష అమెరికన్ ఇంగ్లిష్. మనం బడిలో నేర్చుకున్నది బ్రిటిష్ స్పెల్లింగ్. కంట్రోల్, ఎ నొక్కి మొత్తం ఎంచుకుని, పెట్టెలో ‘ఇంగ్లిష్ (ఇండియా)’ పట్టుకుని ‘సెట్ యాజ్ డిఫాల్ట్’ నొక్కండి, అడిగితే ఎస్ అనండి. ఓకే ఒక్కటే నొక్కితే మార్పు ఆ మెయిల్‌తోనే పోతుంది. పనిలో పనిగా ‘డిటెక్ట్ లాంగ్వేజ్ ఆటోమేటికల్లీ’ టిక్ తీసేయండి. రెండు మూడు మాటల వాక్యాల దగ్గర అది భాషను తప్పుగా పోల్చుకుంటుంది.

ఎంత తప్పు రాసినా గీత పడటం లేదు. సరిచేస్తే ఆ మెయిల్‌లో బాగానే ఉంటుంది, మర్నాడు మళ్లీ మామూలే

ముందు ఫైల్, ఆప్షన్స్, మెయిల్, ‘స్పెల్లింగ్ అండ్ ఆటోకరెక్ట్’లో ‘చెక్ స్పెల్లింగ్ యాజ్ యు టైప్’ టిక్ ఉందో లేదో చూసుకోండి. ఉన్నా గీత పడటం లేదంటే మెయిల్‌లో ఎఫ్7 నొక్కి, చివర్లో వచ్చే సందేశాన్ని పూర్తిగా చదవండి. ‘తనిఖీ పూర్తయింది’ అన్న మొదటి ముక్క చూసి ఓకే కొట్టేస్తారు. ‘తనిఖీ చేయొద్దని గుర్తుపెట్టిన భాగాన్ని వదిలేశాను’ అనే అర్థంలో దాని పక్కనే ఇంకో వాక్యం ఉంటే దొంగ దొరికినట్టే.

ఆ గుర్తు మీరు పెట్టి ఉండరు. ఎక్కువసార్లు సిగ్నేచర్‌తో, అంటే మెయిల్ కింద దానంతటదే చేరే పేరు, హోదా వరుసలతో వస్తుంది. సంస్థ ఇచ్చిన సిగ్నేచర్‌నో, వర్డ్‌లో తయారుచేసిన దాన్నో కాపీ చేసి అతికిస్తే దాని వెనకుండే హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో ‘ఎంఎస్ఓ–నో–ప్రూఫ్’ అనే గుర్తు కూడా వచ్చేస్తుంది. సిగ్నేచర్ పైన ఖాళీ వరుస లేక, దాని మొదటి వరుసలోనే కర్సర్ పెట్టి రాయడం మొదలుపెడితే మీ అక్షరాలకూ ఆ గుర్తు అంటుతుంది. ఒక మెయిల్‌లో టిక్ తీసేస్తే ఆ మెయిల్ బాగుపడుతుంది. మూలం అలాగే ఉంటుంది కాబట్టి రేపటి మెయిల్‌లో మళ్లీ వస్తుంది.

పరీక్ష సులువు. కొత్త మెయిల్ తెరిచి, సిగ్నేచర్ మెనూలోని ‘సిగ్నేచర్స్’ పెట్టెలో ‘న్యూ మెసేజెస్’ దగ్గర ‘నన్’ పెట్టి ఓకే నొక్కండి. ఇంకో కొత్త మెయిల్ తెరిచి, అర్థంపర్థం లేకుండా నాలుగైదు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు కలిపి ఒక మాటగా రాసి స్పేస్ కొట్టండి. ఇప్పుడు గీత పడిందా, నేరం సిగ్నేచర్‌ది. అవుట్‌లుక్ మూసేసి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లిష్‌లో కొట్టండి. మైక్రోసాఫ్ట్, సిగ్నేచర్స్ ఫోల్డర్లలోకి వెళ్లండి. అక్కడి హెచ్‌టీఎం ఫైల్‌కి నకలు తీసి పక్కన పెట్టాక నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఆ గుర్తు పక్కన ‘ఎస్’ అని ఉన్న ప్రతిచోటా ‘నో’ చేసి సేవ్ చేయండి. కోడ్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే సిగ్నేచర్‌ను అవుట్‌లుక్ సొంత ఎడిటర్‌లో చేత్తో కొట్టి కొత్తగా చేసుకోండి. పాతదాన్ని అందులో అతికించారంటే మొదటికొస్తుంది.

సిగ్నేచర్ లేకున్నా గీత పడకపోతే మిగిలినవి మూడు. ఓఎఫ్‌టీ టెంప్లేట్ (సేవ్ చేసుకున్న మెయిల్ నమూనా) నుంచో పాత డ్రాఫ్ట్ నుంచో రాస్తున్నారేమో చూడండి, దాన్ని శుభ్రం చేసి మళ్లీ సేవ్ చేయాలి. అవతలివాళ్ల మెయిల్ మధ్యలో జవాబులు ఇరికిస్తుంటే వాళ్ల అక్షరాలకున్న భాష, గుర్తు మీకూ వస్తాయి. బయటి నుంచి తెచ్చి అతికించేటప్పుడు కంట్రోల్ వి కొట్టాక మళ్లీ కంట్రోల్, ఆపైన టి నొక్కండి. ఉత్త పాఠమే మిగులుతుంది, మోసుకొచ్చిన గుర్తులు రాలిపోతాయి.

ఇవేవీ కాకపోతే చివరికి నార్మల్‌ఈమెయిల్ టెంప్లేట్. అదే మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని టెంప్లేట్స్‌లో ఉంటుంది. అవుట్‌లుక్ మూసి దాని పేరు మార్చితే కొత్తది తయారవుతుంది. దాన్ని తొలగించొద్దు, మీ క్విక్ పార్ట్స్, అంటే మళ్లీ మళ్లీ వాడేందుకు దాచుకున్న పాఠాలు, అందులోనే ఉంటాయి.

తెలుగు మాటలు

ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లో తెలుగు పక్కన ప్రూఫింగ్ (స్పెల్లింగ్ తనిఖీ) ఇన్‌స్టాల్ కాలేదని ఉంటే అక్కడి లింకుతో ఎక్కించుకోండి. 32 బిట్‌ది, 64 బిట్‌ది వేర్వేరు. మీ ఆఫీస్ ఏదో ‘ఆఫీస్ అకౌంట్’, ‘అబౌట్ అవుట్‌లుక్’లో తెలుస్తుంది. ఎక్కించాక కూడా మంచి మాటలకు గీత పడటం లోపం కాదు. విభక్తి, సంధి, సమాసం కలిసి పెరిగే మన మాటల్లో ప్రతి రూపమూ నిఘంటువులో ఉండదు, తరచూ వాడే రూపాలను ‘యాడ్ టు డిక్షనరీ’తో ఒక్కొక్కటిగా చేర్చుకోవాలి. ‘పుస్తకం’ చేర్చినంత మాత్రాన ‘పుస్తకంలోనిది’ చేరదు. పాత డీటీపీ పద్ధతిలోని అను ఫాంట్లలో కొట్టిన పాఠం అతికిస్తే పైకి తెలుగులా ఉన్నా లోపలివి తెలుగు యూనికోడ్ అక్షరాలు కావు. ముందు యూనికోడ్‌లోకి మార్చాకే స్పెల్‌చెక్ సంగతి.

ఒకే ఒక్క తప్పు మాటకు గీత పడటం లేదు

ఎప్పుడో పొరపాటున ‘యాడ్ టు డిక్షనరీ’ నొక్కి ఉంటారు. ‘స్పెల్లింగ్ అండ్ ఆటోకరెక్ట్’లో కస్టమ్ డిక్షనరీస్, ‘ఎడిట్ వర్డ్ లిస్ట్’లో ఆ మాట తీసేయండి. పెద్దక్షరాల్లో ఉన్న మాటలనూ, అంకెలు కలిసిన మాటలనూ స్పెల్‌చెక్ వదిలేయడం మామూలే, వద్దనుకుంటే అదే పేజీలో ఆ రెండు టిక్కులు తీయొచ్చు.