అల్లరేనా, ఏడీహెచ్‌డీయా? ముందో నోటుపుస్తకం పెట్టండి

పిల్లాడు కుదురుగా కూర్చోకపోతే మన గోదావరి ఊళ్లలో మూడు మాటలు వినపడతాయి: 'కోతి', 'బద్ధకం', 'అచ్చం వాళ్ల నాన్నే'. మూడో మాటలోనే కాస్త నిజముంది. ఏడీహెచ్‌డీలో (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ. పెంపకం సరిగా లేక వచ్చేది కాదు, తాపేశ్వరం కాజాలు నాలుగు తిన్నందుకూ రాదు. ఫోను మీదే నేరమంతా మోపలేం గానీ, రాత్రి నిద్ర చెడగొట్టి మర్నాటి బడిని అది పాడుచేస్తుంది.

'సెల్లులో గేమైతే రెండు గంటలు కదలడు, ఎక్కాలైతే పది నిమిషాలు కూర్చోడు, అంతా పొగరండీ' అంటారు పెద్దలు. ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. గేములో ప్రతి క్షణం ఏదో ఫలితం కనపడుతుంది. ఎక్కాలకు ఫలితం పరీక్షప్పుడు. వెంటనే ఫలితం దక్కని పని మీద దృష్టి నిలపడమే ఈ పిల్లలకు కష్టం, ధ్యాస అసలే లేక కాదు. గెంతేవాళ్లు మాత్రమే కాదు, నోరెత్తకుండా కూర్చుని కిటికీలోంచి కొబ్బరిచెట్టు మీద ఉడతను చూస్తూ పీరియడంతా గడిపేసే ఆడపిల్లకూ ఇదే ఉండొచ్చు. అల్లరి లేదు కాబట్టి ఆమెను ఎవరూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లరు.

మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5 పుస్తకం ప్రకారం (2013) ధ్యాస తప్పడానికి 9 లక్షణాలు, అతిచురుకుదనానికీ తొందరపాటుకీ కలిపి 9 లక్షణాలు ఉన్నాయి. 17 ఏళ్లు నిండని పిల్లల్లో ఏదో ఒక గుంపులో కనీసం 6 ఉండాలి, కనీసం 6 నెలలు సాగాలి, కొన్నైనా 12 ఏళ్లు నిండకముందే మొదలై ఉండాలి. ఇవి కనీసం రెండు చోట్ల కనపడాలి, చదువుకో స్నేహాలకో అడ్డుపడాలి. ఈ 'రెండు చోట్ల' అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లోనే గొడవైతే ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలి. బడిలోనే అయితే ముందు అతనికి చదవడం వచ్చో లేదో చూడాలి. అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లాడు తెలుగు పీరియడులో కుదురుగా ఉండమంటే ఎలా ఉంటాడు?

అందుకే నోటుపుస్తకం. రెండు వారాలు రోజుకు మూడు సంగతులు చాలు: ఎన్నింటికి, ఏం చెప్పారు, మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేశాడు. 'మాట వినలేదు' అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఇలా రాయండి: 'మంగళవారం సాయంత్రం 6:10. లెక్కలు తియ్యమన్నాను. పుస్తకం తీశాడు, పెన్సిలు చెక్కడానికి లేచాడు, చెక్కుడు పొట్టు పారేయడానికి వాకిట్లోకెళ్లాడు, కుక్కపిల్లతో ఉండిపోయాడు. నేను పిలిచేదాకా లెక్కలు గుర్తు లేవు.' పక్కన రాత్రి నిద్ర ఎన్ని గంటలో, గురక ఉందో లేదో వేయండి. క్లాసు టీచరునూ ఓ పీరియడు ఇలాగే రాసివ్వమని అడగండి.

గురక ఎందుకంటే, అడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే కండ) పెరిగి రాత్రి సరిగా నిద్రపోని పిల్లాడు పగలు అచ్చం ఇలాగే ఉంటాడు. చూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్ కూడా డాక్టరు చూస్తారు. ఒక్కోసారి ఐదు పది సెకన్లు కళ్లప్పగించి ఆగిపోతున్నాడా? భుజం తట్టినా పలకకుండా, తర్వాత ఏమీ జరగనట్టు పని సాగిస్తుంటే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. తడితే ఉలిక్కిపడి చూస్తే పరధ్యానమే. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేవు. రాస్తే దేనికోసమో అడగండి.

బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) వైద్య బృందం 18 ఏళ్ల లోపు పిల్లల్లో చూసే సమస్యల జాబితాలో ఇదీ ఉంది, వాళ్లకు చెప్పండి. ఫోనులో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416, తెలుగులో, ఏ వేళైనా.

ఇక ఇంట్లో. వంటింట్లోంచి కేకేసి చెప్పిన పని ఈ పిల్లలకు చేరదు. చేతికందే దూరానికి వెళ్లి, పేరు పిలిచి, కళ్లలోకి చూశాక ఒక్క పని చెప్పండి. 'స్నానం చేసి, బట్టలేసుకుని, బ్యాగు సర్దుకుని, ఇడ్లీ తిను' అంటే నాలుగు పనులు, గుర్తుండేది ఒకటి. ఆ నాలుగూ అట్ట మీద బొమ్మలేసి గోడకు అంటించండి. బ్యాగు రాత్రే సర్ది చెప్పుల పక్కన పెట్టిస్తే, పొద్దున ఆటో హారను కొట్టేసరికి సగం గొడవ తగ్గుతుంది.

హోమ్‌వర్కులో పది లెక్కల పేజీ ఉంటే తెల్లకాగితంతో కప్పి రెండే కనపడనివ్వండి. పది నిమిషాలు పని, మూడు నిమిషాలు కదలిక: బోరింగు దగ్గర చెంబుడు నీళ్లు కొట్టుకు రమ్మన్నా సరే. తర్వాత ఇంకో రెండు. చేసిన వెంటనే టిక్కు, ఆ రాత్రే దానికి బదులు ఏదో ఒకటి: పది నిమిషాల క్యారమ్స్, పడుకునే ముందో కథ. 'మార్కులొస్తే సంక్రాంతికి సైకిలు' అన్న మాట వీళ్ల దగ్గర పనిచెయ్యదు, సంక్రాంతి మరీ దూరం. వారం బాగా నడిచి తర్వాత చప్పబడితే బహుమతి పాతబడిందని అర్థం, మార్చండి. సంపాదించిన టిక్కులు కోపంలో కొట్టెయ్యకండి, ఆ దెబ్బతో ఆటే పోతుంది.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది, పుస్తకాల్లో రాయరు. ఆలోచన కంటే కాలు ముందుపడే పిల్లలు వీళ్లు, చుట్టూ చూస్తే నీళ్లే. వేసవిలో కట్టేసిన కాలువలకు నీళ్లు వదిలాక ఒంటరిగా గట్టు మీదికి పంపకండి. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల కరెంటు తీగలుంటాయి. పంటు మీద రేవు దాటేటప్పుడు చెయ్యి కాదు, మణికట్టు పట్టుకోండి. ఈత నేర్పించండి, నేర్చాడని నిఘా మానకండి.

బడిలో ముందు బెంచీ, కిటికీకి దూరంగా. చాక్‌పీసులు తెమ్మనడం లాంటి పనులు అతనికే ఇవ్వమనండి. పని పూర్తి చెయ్యలేదని ఆటల పీరియడు కోసేయడం మాత్రం ఒప్పుకోకండి, ఆ కదలిక లేకపోతే తర్వాతి పీరియడు ఇంకా చెడుతుంది.

ఆరేళ్ల లోపు పిల్లలకు మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే. ఆ పైన అవసరమైతే డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాయొచ్చు. తక్కువసేపు పనిచేసే రకం గంటలోపే అందుకుంటుంది, సుమారు నాలుగు గంటలుంటుంది. ఆకలి తగ్గిస్తుంది కాబట్టి మాత్రకు ముందే టిఫిను కడుపునిండా పెట్టి, సాయంత్రం అన్నం గట్టిగా పెట్టండి. బరువు, ఎత్తు, నాడి, రక్తపోటు డాక్టరు ఎప్పటికప్పుడు చూడాలి. ఇంట్లో గుండెజబ్బులుంటే మొదటిరోజే చెప్పండి. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే కట్టుదిట్టంగా అమ్మేది: చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపువాడు ఉంచుకుంటాడు, అన్ని షాపుల్లో దొరకదు. వారానికి సరిపడా మాత్రలుండగానే వెతకడం మొదలెట్టండి. అటోమోక్సెటిన్ అనే ఇంకో మందు అయితే పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. పదిరోజులు చూసి 'లాభం లేదు' అని ఆపేసేవాళ్లుంటారు. మీ అంతట మీరు ఆపకండి, ఒకరి పిల్లాడి మాత్ర ఇంకొకరికి ఇవ్వకండి.

మళ్లీ డాక్టరు దగ్గరకెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం తీసుకెళ్లండి. మందుకు ముందు రెండు వారాలూ, తర్వాత రెండు వారాలూ పక్కపక్కన పెడితే మోతాదు మార్చాలో వద్దో ఆయన వాటిని చూసే తేలుస్తారు.