వంకర కాయలు అమ్మాలంటే ముందు ఏరడం రావాలి

వంకర తిరిగిన క్యారెట్లు, తొక్క నిండా మచ్చలున్న నారింజలు, రెండు కాయలు అతుక్కుని పెరిగిన టమాటాలు. సైజు, రూపం చూసి సరుకు వేరుచేసే గ్రేడింగ్ దగ్గర పక్కన పడేసిన ఇలాంటి సరుకు రైతుల దగ్గర కొని అమ్మడం నా పని. కొత్తగా ఇందులోకి దిగేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "ఇవి ఎవరైనా కొంటారా అక్కా?" కొంటారు. కాయ వంకరగా ఉందని తిరిగి పెట్టేసేవాళ్ళు తక్కువే. లోపల పాడై ఉంటుందేమో అన్న అనుమానంతో పెట్టేసేవాళ్ళే ఎక్కువ. ఆ అనుమానం తీరేది మీరు అమ్మేటప్పుడు చెప్పే మాటలతో కాదు, అంతకు ముందు సరుకు ఏరిన తీరుతో. అందుకే ఏరడం గురించే ఎక్కువ చెబుతాను.

క్రేట్ దించగానే మూడు కుప్పలు పెట్టండి. చూపుకు మాత్రమే తేడాగా ఉన్నవి ఒకటి, ఈరోజో రేపో వాడేయాల్సినవి ఒకటి, అసలు అమ్మకూడనివి ఒకటి. మొదటి కుప్పకీ మూడో కుప్పకీ తేడా ఎవరైనా చెప్పేస్తారు. చెయ్యి తిరగాల్సింది మధ్య కుప్ప దగ్గరే.

టమాటానే తీసుకోండి. కొన్నింటికి ముచ్చిక చుట్టూ వలయాల్లాగా గీతలుంటాయి, ఎండిపోయి గోధుమరంగులో. గోరుతో రాస్తే గరుగ్గా తగులుతుంది, తడి అంటదు. కాయ ఊరేటప్పుడు నీళ్ళు ఒకసారి తక్కువై, ఒకసారి ఎక్కువై తొక్క చిట్లింది, తర్వాత మానిపోయింది. అది మొదటి కుప్పలోకి. అదే చీలిక కొత్తదై, అంచులు మెత్తబడి, వేలికి తడి తగిలిందంటే ఆ దారిన సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. వాసన చూడండి. పులిసిన వాసన ఏ కొంచెం వచ్చినా మూడో కుప్పే, ఇంక ఆలోచించొద్దు. వాసన లేకుండా, కండ గట్టిగా ఉంటే ఆ పూటే వండేవాళ్ళకి ఇవ్వొచ్చు. అడుగున మడతలు పడి ముద్దగా ఉన్న కాయ కూడా మంచిదే, పూత దశలో చలి ఎక్కువైతే కాయ అలా తయారవుతుంది. అడుగున నల్లగా, తోలులా అణిగిపోయిన మచ్చ మాత్రం వేరే సంగతి. కాయ కొసకి కాల్షియం అందక వచ్చేది అది. తెగులు కాదు కాబట్టి పక్క కాయకి అంటుకోదు, కానీ ఆ నల్లటి చోట బూజు తొందరగా పడుతుంది. అలాంటివి నేను కాయగా అమ్మను.

ఇవన్నీ ఎందుకు తెలియాలంటే, కొనేవాళ్ళు కాయ చేతిలోకి తీసుకుని "ఇదేంటమ్మా ఇలా ఉంది?" అంటారు. ఒక్క వాక్యంలో జవాబు రావాలి. నారింజ మీద బూడిదరంగు గీతలా? లేతకాయగా ఉన్నప్పుడు గాలికి కొమ్మ రాసుకుంది, లేదా తామర పురుగులు తొక్క గీకాయి, తొక్కతో పాటే పోతుంది. క్యారెట్‌కి రెండు కాళ్ళు వచ్చాయా? నేలలో రాయి అడ్డొచ్చింది, లేకపోతే నేల గట్టిపడింది. దోసకాయ కొడవలిలా వంగిందా? పరాగసంపర్కం సరిగ్గా జరగక ఒక పక్కే ఊరింది. ఆపిల్ మీద ఎండిన గుంటలు వడగళ్ళవి. "ఏం కాదండీ, బాగానే ఉంటుంది" అంటే ఎవరూ నమ్మరు. కారణం చెబితే నమ్ముతారు. కారణం మీకే తెలియకపోతే ఆ కాయని కోసి చూడండి, తెలిసేదాకా అమ్మొద్దు.

మూడో కుప్ప విషయంలో మొహమాటం పనికిరాదు. ఆకుపచ్చకి తిరిగిన బంగాళాదుంపలు చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ వెలుతురు తగిలి పచ్చబడ్డ దుంపలో సొలనిన్ అనే విషపదార్థం పెరిగి ఉంటుంది, వండినా అది పోదు. బుడిపెలున్న దుంపని సంతోషంగా అమ్మండి, పచ్చ దుంపని అమ్మకండి. కుళ్ళు పట్టిన ఆపిల్‌ని "జ్యూస్‌కి పనికొస్తుందిలే" అని జ్యూస్ చేసేవాళ్ళకి అంటగట్టొద్దు. కొన్ని రకాల బూజుల వల్ల అందులో పాటులిన్ అనే విషం చేరుతుంది, మరిగించినా పూర్తిగా పోదు. పురుగు రంధ్రం ఉన్నవి, మెత్తటి పండ్లలో బూజు కాస్త కనిపించినవి, రసం కారుతున్నవి తీసేయండి. ఇలాంటి కాయ ఒక్కటి సంచిలో పడితే చాలు, ఆ ఇంట్లో వంకర సరుకు ముచ్చట మళ్ళీ ఎత్తరు.

ఇక కొనడం. అసలు ఈ సరుకు పక్కన ఎందుకు పడుతుందంటే, పెద్ద కొనుగోలుదారులకి పెట్టెలో ఒకే సైజు, ఒకే ఆకారం కావాలి. ప్యాకింగ్ తేలిక, ధర కట్టడం తేలిక. యూరప్‌లో 1988 నుంచి దోసకాయ వంపుకి కూడా చట్టం ఉండేది. మేలురకం అనిపించుకోవాలంటే 10 సెంటీమీటర్ల పొడవుకి 10 మిల్లీమీటర్లకి మించి వంగకూడదు. 2009 జులైలో 26 రకాల పండ్లు, కూరగాయలకి ఇలాంటి నిబంధనలు ఎత్తేశారు. చట్టం పోయినా పెద్ద దుకాణాలు తమ సొంత కొలతలు పెట్టుకోవడం మానలేదు. కాబట్టి రైతు దగ్గర ఈ సరుకు ఎప్పుడూ ఉంటుంది. కానీ ఎప్పుడు, ఎంత ఉంటుందో ముందే చెప్పలేడు.

అందుకే "నాకు వారానికి ఇన్ని కావాలి" అని కూర్చోకుండా, ఉన్నది ఏదైతే అది తీసుకునే వీలు పెట్టుకోండి. వీలైతే కోత రోజునే పొలం దగ్గర లేదా గ్రేడింగ్ షెడ్ దగ్గర నిలబడి చూసుకోండి. పక్కన పడేసిన కాయలు కుప్పగా ఎండలో పడి ఉంటే పొద్దున మొదటి కుప్పలో ఉండాల్సినవి సాయంత్రానికి మూడో కుప్పలోకి జారతాయి. ఖాళీ క్రేట్లు మీరే తీసుకెళ్ళి, తీసేసినవి నేల మీద కాకుండా నేరుగా వాటిలో, నీడలో వేయించండి. ఆ ఒక్క మార్పుకే తరుగు బాగా తగ్గుతుంది. డబ్బు ఆ రోజే ఇచ్చేయండి. పారేసే సరుకే కదా అని ఉత్తినే అడిగేవాళ్ళూ ఉంటారు. నాకు అది నచ్చదు. కోత కూలీ మంచి కాయకైనా వంకర కాయకైనా ఒకటే. ఉత్తినే ఇచ్చే సరుకుని రైతు జాగ్రత్తగా ఎందుకు దించుతాడు?

అమ్మే ధర దగ్గర చాలామంది భయపడి బాగా తగ్గించేస్తారు. అలా చేయకండి. మరీ చవగ్గా పెడితే "ఏదో తేడా ఉంది" అనే అనుమానాన్ని మీరే పుట్టించినట్టు. 2021లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ అనే పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. ఆకారం బాగాలేదన్న సంగతి దాచకుండా బోర్డు మీద "అందంగా లేనివి" అని నేరుగా రాస్తే అమ్మకం పెరిగింది, అదీ తగ్గింపు ఓ మోస్తరుగా ఉన్నప్పుడే ఎక్కువ పనిచేసింది. లోపం రూపంలో మాత్రమే అని తేలిపోతే రుచి గురించి భయం పోతుందన్నమాట. 2014లో ఫ్రాన్స్‌లో ఇంటర్‌మార్షే అనే సూపర్‌మార్కెట్ల సంస్థ చేసిందీ ఇదే. వంకర కాయలకి విడిగా అరలు పెట్టి, 30 శాతం తక్కువకి అమ్మింది, వాటితోనే చేసిన సూపులు, జ్యూసులు రుచి చూపించింది. కాబట్టి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "వంకర క్యారెట్లు, రుచిలో తేడా లేదు" అని రాసి పెట్టండి. "ఎకానమీ", "స్పెషల్" లాంటి పేర్లు పెడితే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది.

మంచి సరుకు కూడా అమ్ముతుంటే రెండింటినీ ఒకే కుప్పలో కలపకండి. కలిపితే మంచివి ఏరుకుని వంకరవి మీకే వదిలేస్తారు, పైగా నలిపేసి వదులుతారు. విడిగా పెట్టండి, ఎత్తుగా కుప్ప పోయకండి. కింది కాయ బరువుకి నలిగితే మచ్చకి దెబ్బ తోడవుతుంది. ఒక కాయని వాళ్ళ ఎదురుగానే కోసి పెట్టండి. మచ్చలున్న నారింజని అడ్డంగా కోసి, తొక్క వైపు సగం, కండ వైపు సగం పక్కపక్కన పెడితే మీరు నోరు తెరవక్కర్లేదు. ఆ కోసిన ముక్కలు మూతపెట్టి ఉంచండి, ఎక్కువసేపు బయట ఉన్నవి పారేయండి. అందులో కక్కుర్తి వద్దు.

ముందే డబ్బు కట్టించుకుని వారానికో బుట్ట ఇచ్చే పద్ధతి ఇంకా నయం. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 2013లో మొదలైన ఫ్రూటా ఫేయా అనే సహకార సంఘం కూడా సభ్యులకి వారానికో బుట్ట ఇస్తుంది. ఆ వారం రైతుల దగ్గర ఏముంటే అదే బుట్టలోకి వస్తుంది. ఏరుకునే గొడవ ఉండదు, మీకు ఎంత తేవాలో ముందే తెలుస్తుంది. కాకపోతే చిన్న బుట్ట కూడా తప్పకుండా ఉంచండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో దుకాణాలు, హోటళ్ళు, ఇళ్ళు కలిపి వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్ళలోనే. పొలంలో కుళ్ళాల్సింది తెచ్చి వాళ్ళ ఫ్రిజ్‌లో కుళ్ళబెడితే మనం చేసిందేముంది? "రెండు బుట్టలు తీసుకుంటే ఇంకొంచెం తగ్గింపు" లాంటి ఆశలు నేను పెట్టను.

క్యాంటీన్లు, హాస్టళ్ళు, క్యాటరింగ్ వాళ్ళు ఎలాగూ తరిగేవాళ్ళే కాబట్టి రూపంతో పనిలేదు అనుకుంటాం. సగమే నిజం. వంకర క్యారెట్ చెక్కు తీయడానికి టైమ్ ఎక్కువ పడుతుంది, సందుల్లో మట్టి ఉంటుంది, చెక్కు తీసే మిషన్‌లో వేస్తే సగం దుంప చెక్కుతో పోతుంది. వంటవాళ్ళు విసుక్కుంటే యజమాని రెండోసారి కొనడు. అందుకే వాళ్ళకి మరీ వంకరవి కాకుండా, సైజు తప్పినవి, తొక్క మీద మచ్చలున్నవి పంపండి. చిన్న ఉల్లిపాయలు వలవాలంటే ఏడుస్తారు, పెద్దవి పంపితే సంబరపడతారు. మధ్య కుప్పలోని పండిన టమాటాలు మాత్రం ఆ రోజే వండేవాళ్ళకి పొద్దున్నే ఫోన్ చేసి ఇచ్చేయండి.

నిల్వలో రెండు సంగతులు చాలు. ఆపిల్, అరటి, పండిన టమాటా ఇథిలీన్ వాయువు వదులుతాయి, ఆకుకూరలు, దోసకాయలు వాటి పక్కన పెడితే తొందరగా పసుపెక్కుతాయి. రెండోది, దెబ్బ ఉన్న సరుకుని ముందే కడిగి పెట్టకండి. తడి ఉన్నచోట కుళ్ళు మొదలవుతుంది, కడగడం ఇంట్లో వాడేముందు చేసుకుంటారు.

ఇంకో మాట. పక్కన పడేసిన ప్రతి కాయా చెత్తలోకే పోతుందని చెప్పి అమ్మకండి, అది నిజం కాదు. కొంత సరుకు గుజ్జు, జ్యూస్ ఫ్యాక్టరీలకి వెళ్తుంది, కొంత పశువులకి, కొంత అక్కడే దున్నేస్తే నేలకి. రైతుని అడగండి: నేను కొనకపోతే ఇది ఎక్కడికి పోతుంది? ఫ్యాక్టరీ మంచి ధరకే తీసుకుంటుంటే వాళ్ళకే పోనివ్వండి, మీరు ఎవరూ ఎత్తని సరుకు చూసుకోండి. సాధారణంగా అది ఆకుకూరలు, దోసకాయల్లాంటి నిలవ ఉండని సరుకు.

పని అయ్యాక ఒక నోట్‌బుక్‌లో ఏ రైతు దగ్గర ఎన్ని కిలోలు వచ్చాయి, మూడో కుప్పలోకి ఎన్ని పోయాయి, సాయంత్రానికి ఎంత మిగిలింది అని రాసుకోండి. మూడో కుప్ప ఒకే రైతు సరుకులో పెరుగుతుంటే కోతకీ మీ బండికీ మధ్య ఎంతసేపు గడుస్తుందో చూడండి. అందరి సరుకులోనూ పెరుగుతుంటే తేడా మీ బండిలోనో నిల్వలోనో ఉంది. రోజూ సాయంత్రం సరుకు మిగిలిపోతుంటే మాత్రం ధర తగ్గించే ముందు తెచ్చేది తగ్గించండి.